దురద చర్మానిదా, మనసుదా?



ఇంట్లో ఒక పిల్లకి పేలు పట్టాయని తెలిస్తే చాలు, మిగతా అందరికీ తలలో చిమచిమలు మొదలవుతాయి. మన తలలో ఒక్క పేను లేకపోయినా సరే, చెయ్యి అటే పోతుంది. మరి ఆ దురద అబద్ధమా? కాదు. గోక్కునేవాళ్ళకి అది నిజమే. పేను ఉందా? లేదు. ఈ రెండూ ఒక్కసారే నిజం కావచ్చు. ఈ చిన్న సంగతి మరిచిపోవడం వల్ల ఒక పెద్ద తగాదా వచ్చింది. అదేమిటో చెబుతాను.

అమెరికాలో 2001లో మేరీ లీటావ్ అనే ఆవిడ తన రెండేళ్ళ పిల్లవాడి పెదవి కింద పుండు చూసింది. అందులో సన్నని పోగుల్లాంటివి కనిపించాయి. ఆవిడ ఎంతోమంది డాక్టర్లకి చూపించింది. ఎవరికీ వింత జబ్బేదీ కనిపించలేదు. పైగా కొందరు తల్లినే శంకించారు. 2002లో ఆవిడే ఆ బాధకి ‘మార్గెలాన్స్’ అని పేరు పెట్టింది. ఫ్రాన్సులో కొందరు పిల్లల వీపుమీద ముతక వెంట్రుకలు మొలిచేవని 17వ శతాబ్దంలో థామస్ బ్రౌన్ అనే ఇంగ్లీషు వైద్యుడు రాశాడు. ఆ పేరు అక్కడిదే. అంతమాత్రాన ఆ జబ్బూ ఈ జబ్బూ ఒకటేనని కాదు సుమండీ!

పేరు దొరికేసరికి ‘మాకూ ఉంది, మాకూ ఉంది’ అంటూ వేలమంది ముందుకొచ్చారు. చర్మం కింద ఏదో పాకుతున్నట్టు, కుడుతున్నట్టు ఉంటుందట. పుండ్లు మానవు. వాటిలో రంగురంగుల పోగులు కనబడతాయి. నీరసం, మతిమరుపు సరేసరి.

చర్మవైద్యుల్లో చాలామంది, ఇది కొత్త జబ్బేమీ కాదన్నారు. ఒంట్లో పురుగులు చేరాయన్న గట్టి భ్రమ గురించి స్వీడన్ వైద్యుడు ఎక్‌బోమ్ 1938లోనే వివరంగా రాశాడు. అలాంటి రోగులు చర్మంమీద దొరికిన నలుసుల్ని అగ్గిపెట్టెలో దాచి సాక్ష్యంగా తెస్తారు. అందుకే వైద్యులు దాన్ని ‘అగ్గిపెట్టె గుర్తు’ అంటారు.

గోల పెద్దదయ్యాక అమెరికా ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ సంస్థ సి.డి.సి. 2008లో పరిశోధనకి పూనుకుంది. 2012 జనవరిలో ఫలితాలు వెలువడ్డాయి. వాళ్ళు గుర్తించిన 115 మందిలో మూడువంతులకి పైగా ఆడవాళ్ళే. ఎక్కువమంది నడివయసు వాళ్ళు. అంటుజబ్బు ఆనవాలేదీ దొరకలేదు. పోగులు చాలావరకు నూలువని, అంటే బట్టలనుంచి వచ్చినవేనని తేలింది. భ్రమతో కూడిన జబ్బుకి ఇది దగ్గరగా ఉందన్నారు. అయితే ఇది కొత్త జబ్బా, పాతదేనా అన్నది మాత్రం ఆ పరిశోధన తేల్చి చెప్పలేదు. పిడుదు కాటువల్ల వచ్చే లైమ్ జబ్బు క్రిమే దీనికి మూలమని కొందరు పరిశోధకులు ఇప్పటికీ వాదిస్తారు. చాలామంది నిపుణులు ఒప్పుకోరు.

ఇంతకీ ‘మానసికం’ అన్న మాట వినగానే రోగికి ఎందుకంత కోపం వస్తుంది? ‘నువ్వు నటిస్తున్నావు’ అన్నట్టు వినిపిస్తుంది గనక. నిజానికి ఏ దురదైనా మనకి తెలిసేది మెదడులోనే. నరాలు కబురు తీసుకుపోతాయి. మెదడు దురద అంటుంది, గోళ్ళు గోకుతాయి. పుండు పడుతుంది. తడి పుండుకి చీరపోగు అంటుకుంటుంది. అది కంటపడగానే ‘ఇదిగో, లోపల్నుంచి వచ్చింది’ అని నమ్మకం బలపడుతుంది. మళ్ళీ గోకుడు! గానుగెద్దు తిరుగుడే.

‘ఏమీ లేదు, వెళ్ళమ్మా’ అని డాక్టరు కసిరితే ఆవిడ ఇంకో డాక్టరు దగ్గరికి, అక్కణ్ణించి నాటువైద్యానికి పోతుంది. పురుగుల మందు ఒంటికి రాసుకున్నవాళ్ళూ ఉన్నారు. అదే ఓపికగా విని, పుండుకి మందు వేసి, మనోవ్యాధికి వాడే రిస్పెరిడోన్ వంటి మాత్రలు తక్కువ మోతాదులో ఇస్తే చాలామందికి గుణం కనిపిస్తుంది. రోగి నమ్మితేనే గదా మాత్ర మింగేది!

అలాగని ప్రతి దురదనీ మనసుమీదికి తోసెయ్యకూడదు. గజ్జి, థైరాయిడ్, మధుమేహం, కాలేయం, మూత్రపిండాల జబ్బులు, బి12 విటమిన్ లోపం, కొన్ని మందులు – వీటివల్లా దురదో, పాకుతున్నట్టుండడమో కలగవచ్చు. ముందు ఆ పరీక్షలు జరగాలి. ఆ తరవాతే మనసు మాట.

మరి ఇంట్లో అత్తగారో, అక్కో అగ్గిపెట్టె తెచ్చి ‘చూడవే, పురుగు’ అంటే మనమేం చెయ్యాలి? నవ్వకండి. అలాగని ‘అవును, నాకూ కనిపిస్తోంది’ అనీ అనకండి. రెండూ కీడే. ‘నాకు పురుగు కనబడడం లేదు గానీ, నీ బాధ కనబడుతోంది. పద, నేనూ వస్తాను’ అనండి. చర్మం డాక్టరు మనసు డాక్టరు దగ్గరికి పంపితే అక్కడికీ తోడు వెళ్ళండి. పిచ్చి అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి.