కొల్లేటికి నీటిదారి

కొల్లేటి సరస్సున, కైకలూరు చెంతనున్న ఆటపాక పక్షి కేంద్రమున పడవనెక్కి, అటవీశాఖవారు నీటి నడుమ నిలిపిన ఇనుప మంచెలను సమీపించినచో, పుల్లల గూళ్లపై ఒదిగి కూర్చున్న గూడబాతులు కనబడును. తల్లి నోరు తెరచి నిలువగా, పిల్ల తన తలను మెడదాక ఆ ముక్కుసంచిలోనికి దూర్చి, రెక్కలు కొట్టుకొనుచు, పెనగులాడి చేపను అందుకొనును. తల్లి గొంతులో పిల్ల మునిగిపోయినదేమోయని చూపరి గుండె ఒక్కక్షణము ఝల్లుమనును.

ఈ పక్షికిని కొల్లేటికిని గల బాంధవ్యము పాతది. 1946లో పక్షిశాస్త్రజ్ఞులు కె.కె. నీలకంఠన్ గారు కొల్లేటి చెంత, పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో సుమారు 3000 గూడబాతులు గూళ్లు కట్టుట కనుగొనిరి. 1975 ప్రాంతమునకు ఆ స్థావరము శూన్యమయ్యెను.

కృష్ణా గోదావరీ డెల్టాల నడిమి పల్లమున పరచుకొని, బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మోసుకొనివచ్చు వరదను తన కడుపున దాచుకొని, దానిని ఉప్పుటేటి గుండా మెల్లగా సముద్రమునకు సాగనంపుటయే కొల్లేటి సహజధర్మము. 1970ల నుండి చేపల చెరువులు విస్తరించి, గట్టుపై గట్టు లేచి, వరదకు విరివి లేకుండజేసెను. మట్టగిడసలును కొర్రమీలును ఈదిన చోట మేతకు పెరుగు బొచ్చెలును శీలావతులును నిండెను.

1999లో అయిదవ కాంటూరు (సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తు) వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమయ్యెను. 2002లో రామ్‌సర్ గుర్తింపు లభించెను. సుప్రీంకోర్టు నియమించిన సాధికార కమిటీ ఆదేశముపై, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేర యంత్రములు వేలాది ఎకరముల గట్లను తెంచగా, బందీయైన నీరు మరల ఏకమయ్యెను. అయినను కొన్నియేండ్లకే గట్లు తిరిగి తలయెత్తెను. విడుదలయైన నీటిపై గుర్రపుడెక్కయు కిక్కిసయు అల్లుకొనెను. వివాదము కొల్లేటి చాంతాడువలె నేటికిని సాగుచున్నది.

గట్టు తెంచుట ఒక్క ఋతువు పని. సరస్సును బ్రతికించుట ఏటేట చేయవలసిన సేద్యము. ఉప్పుటేటి మేటలు తీయకున్నచో వరద నిలిచి లంకలను ముంచును. వేసవిలో మంచినీటి ఒత్తిడి తగ్గినచో ఉప్పునీరు ఎదురెక్కును. పట్టణముల మురుగు శుద్ధిగాక చేరినచో మిగిలిన నీరును చెడును. అన్నిటికిని మించి, పెద్దింట్లమ్మను కొలుచుచు, చేపలకు మావులు పన్ని, దోనెలపై బ్రతికిన వడ్డి కుటుంబములకు చేపల చెరువు పోయిన పిమ్మట కూడు ఎట్లను ప్రశ్నకు బదులియ్యక, వారినే ఆక్రమణదారులుగా నిలబెట్టుట అన్యాయము. ఆ నీటి లోతుపాతులు చేతి గడతో ఎరిగిన ఆ జనులకు సహజమైన చేపపై హక్కును, సరస్సు కాపుదలలో జీతమును, నిర్ణయములలో పీటను ఈయవలెను.

ఆటపాకలో గూడబాతులు వేలాదిగా మరల పిల్లలను పెంచుచున్నవి. వానికి ఇనుప మంచె నిలిపిన మనము, అవి మేతకెగురు సరస్సునకు నీటిదారిని, ఆ దారిని కాచువారికి అన్నమును సమకూర్పవలసియున్నది.