నవలాకారుని బాల్యస్మృతులు: ఆర్. కె. నారాయణ్

రచయితల స్వీయచరిత్రలు పరిశోధకులకు మిక్కిలి ఆకర్షకములు. నవలలోని పాత్రకు మూలమైన మనుష్యుడు, సన్నివేశమునకు మూలమైన సంఘటన వానియందు లభించునని మన ఆశ. ఈ ఆశ యెంతవరకు సమంజసమో ఆర్. కె. నారాయణ్ (1906–2001) రచనలనుబట్టి పరిశీలింపవచ్చును. ఆయన తొలి నవల 'స్వామి అండ్ ఫ్రెండ్స్' 1935లో వెలువడినది. స్వీయచరిత్రయగు 'మై డేస్' 1974లో వచ్చినది. రెంటికిని నడుమ 39 ఏండ్ల యెడము గలదు.

నారాయణ్ బాల్యము మదరాసులోని పురసవాక్కమున అమ్మమ్మ యింట గడచినది. ఒక నెమలియు, ఒక కోతియు ఆయనకు తోడు. పాఠములు, శ్లోకములు అమ్మమ్మయే నేర్పెడిది. స్మృతులలో ఆమె శాసించు గురువు. నవలలోని అవ్వ యట్టిది కాదు. స్వామి తన క్రొత్త మిత్రుడగు రాజము ఘనతను వర్ణించుచుండగా, ఆమె తన భర్త పొందిన పతకమును గూర్చి చెప్పబోవును. బాలునకు వినుటకు ఓపిక లేదు. పెద్దలు చెప్పుట, పిల్లలు వినుట యను వరుస యిచట తలక్రిందులైనది.

మతబోధన తరగతి విషయమును ఇట్టిదే. హిందూ దేవతలను దూషించు ఉపాధ్యాయుడు రెండు గ్రంథములందును గలడు. స్మృతులలో తరగతియందలి బ్రాహ్మణ బాలుడు నారాయణ్ ఒక్కడే. నవలలో స్వామికి మిత్రబృందము కలదు. అతడు ఎదురు ప్రశ్నించును, చెవి మెలిపెట్టించుకొనును, మరునాడు తండ్రి వ్రాసిన లేఖను ప్రధానోపాధ్యాయునకు అందించును. ఏకాకితనము నవలలో స్నేహగాథగా మారినది.

కౌమారమున మైసూరు ఆయనకు నెలవు. తండ్రి ప్రధానోపాధ్యాయుడగుటచే పాఠశాల గ్రంథాలయము అందుబాటులో నుండెను. స్కాట్, డికెన్సు మున్నగువారిని అచటనే చదివెను. విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో తప్పుటచే లభించిన తీరిక ఈ పఠనమునకు తోడ్పడెను. పట్టభద్రుడైన పిమ్మట, అమ్మమ్మ నిర్ణయించిన శుభదినమున, ఒక నోటుపుస్తకము కొని నవల నారంభించెను. మొదట ఆయన మనస్సున గోచరించినది మాల్గుడి రైలు స్టేషను. ప్రక్రియ ఆంగ్లము, ముహూర్తము అమ్మమ్మది.

1964లో ప్రకటించిన 'గాడ్స్, డీమన్స్ అండ్ అదర్స్' ఉపోద్ఘాతమున, ఇతిహాసములను కంఠస్థము చేసికొన్న గ్రామ పౌరాణికుని ఆయన ఆదర్శ కథకునిగా చిత్రించెను. అప్పటికి 'ది గైడ్' (1958) మొదలగు ప్రధాన నవలలు వెలువడియున్నవి. కావున ఈ చిత్రమును ఆ నవలలకు పూర్వపు ప్రేరణగా కాక, వానిని వ్రాసిన పిదప రచయిత చేసికొన్న ఆత్మపరిశీలనగా గ్రహించుట యుక్తము.

స్వీయచరిత్రయు ఆ చేతినుండి వెలువడిన మరియొక కథనమే. దానిని నవలకు సాక్ష్యముగా నిలిపి, సామ్యములను పట్టికగా కూర్చుటతో తృప్తిపడరాదు. స్మృతికిని కల్పనకును గల భేదములయందే రచయిత చేసిన పని వెల్లడియగును. మన నవలాకారుల స్వీయచరిత్రలను పరిశీలించు విద్యార్థులు ముందుగా ఈ భేదములను గుర్తింపవలెను.