వీడియో సర్వర్‌కు ఏ చిప్ కావాలి?

ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్కో ఫ్రేమ్‌కు దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. పిక్సెల్‌కు ఒకటిన్నర బైట్ల చొప్పున లెక్కేసినా ఫ్రేమ్ 3.1 మెగాబైట్లు, సెకనుకు 25 ఫ్రేమ్‌లైతే 78 మెగాబైట్లు. 4కే వీడియోకు దీనికి నాలుగింతలు, అంటే 311. ఇంత డేటాను కుదించకుండా ఎవరి ఫోనుకూ పంపలేరు. వచ్చిన వీడియోను విప్పి, రకరకాల సైజుల్లోకి మార్చి, మళ్లీ కుదించడమే ఈ సర్వర్ల పని.

విప్పడం తేలికే. బరువంతా కుదించడంలోనే ఉంది. ఎన్‌కోడర్ ప్రతి ఫ్రేమ్‌నూ చిన్న బ్లాకులుగా విడగొట్టి, అలాంటి బొమ్మ పక్క ఫ్రేమ్‌లలో ఎక్కడుందో వెతుకుతుంది. క్రికెట్ మ్యాచ్‌లో బంతి, ఫీల్డరు కదులుతుంటే మైదానంలోని గడ్డి చాలావరకు అలాగే ఉంటుంది. దాన్ని మళ్లీ మళ్లీ రాయనక్కర్లేదు. ఎంత ఓపిగ్గా వెతికితే ఫైలు అంత చిన్నదవుతుంది, సమయమూ అంత పడుతుంది. 2003 నాటి హెచ్.264 కంటే 2013లో వచ్చిన హెచ్.265, దానికంటే 2018 నాటి ఏవీ1 ఫైలును బాగా తగ్గిస్తాయి, ప్రాసెసర్‌ను అంతకు మించి శ్రమపెడతాయి.

ఈ వెతుకులాటను మామూలు ప్రాసెసర్‌లో సాఫ్ట్‌వేర్‌తో చేయించవచ్చు, లేదా అందుకోసమే చెక్కిన సర్క్యూట్‌కు అప్పగించవచ్చు. ఇంటెల్ 2011లో క్విక్ సింక్ పేరుతో, ఎన్‌విడియా 2012లో ఎన్‌వెంక్ పేరుతో అలాంటి సర్క్యూట్లను తెచ్చాయి. ఇవి తక్కువ కరెంటుతో చకచకా పని ముగిస్తాయి. కానీ అదే ఫైలు సైజుకు, తీరిగ్గా నడిచే సాఫ్ట్‌వేర్ ఇచ్చేంత నాణ్యత సాధారణంగా రాదు. కొత్త ఫార్మాట్ వస్తే చిప్పే మార్చాలి. ప్రత్యక్ష ప్రసారానికి సర్క్యూటే మేలు. ఒకసారి కుదించి లక్షల మందికి చూపించే సినిమాకు ప్రాసెసర్‌తో గంటలు పట్టినా గిట్టుబాటే.

ధర చూసి కొంటే బోల్తా పడటం ఖాయం. ఏఐ పనులకు పేరుమోసిన ఎన్‌విడియా ఏ100 కార్డులో వీడియోను విప్పే భాగాలున్నాయి కానీ కుదించే భాగం అసలు లేదు! 72 వాట్లతో నడిచే ఎల్4లో రెండూ ఉన్నాయి. సర్వర్లలో వాడే జియాన్ ప్రాసెసర్లలో ఎక్కువవాటికి గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి క్విక్ సింక్ కూడా ఉండదు. చవకైన డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో మాత్రం చాలావాటిలో దొరుకుతుంది. యూట్యూబ్ అయితే సొంత చిప్పే తయారుచేయించుకుంది. పాత సర్వర్లతో పోలిస్తే దాని సామర్థ్యం 20 నుంచి 33 రెట్లని గూగుల్ 2021లో ప్రకటించింది.

డిస్కు విషయంలో వేగం కంటే రద్దీ ముఖ్యం. హార్డ్ డిస్క్ ఒక్క పెద్ద ఫైలును సాఫీగా చదువుతుంది. పదుల ఫైళ్లు ఒకేసారి అడిగితే దాని హెడ్ అటూ ఇటూ పరుగెత్తడంతోనే సరిపోతుంది. అందుకే పని జరిగే చోట ఎస్‌ఎస్‌డీ, దాచుకునే చోట హార్డ్ డిస్క్ పెడతారు. నెట్‌వర్క్ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది: గిగాబిట్ కేబుల్ సెకనుకు మోసేది 125 మెగాబైట్లే. కుదించిన వీడియోలు డజన్ల కొద్దీ అందులో పడతాయి, కుదించని 4కే వీడియో ఒక్కటి కూడా పట్టదు.