ముందే చూసినవారి మర్యాద

ఒక టెలివిజన్ సీరియల్‌ను గాని, వెబ్ సిరీస్‌ను గాని ఇంకా చూడనివారికి అందులోని కీలకమైన మలుపునో ముగింపునో ముందుగా తెలియజేసే సమాచారాన్ని స్పాయిలర్ అంటారు. అది ఒక వాక్యం కావచ్చు, ఒక ఫొటో కావచ్చు, ఒక్కోసారి ఒక నటుడికి అభిమానులు తెలిపే వీడ్కోలు సందేశమే కావచ్చు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు వినేవారెవరో చెప్పేవారికి తెలుసు కనుక, నిన్నటి భాగం చూశావా అని ముందు అడిగి, చూడలేదంటే మాట అక్కడితో ఆపడం తేలిక. సామాజిక మాధ్యమాల్లో రాసేవారికి మాత్రం తమ మాట ఎవరి కంట పడుతుందో, వారు ఎన్నో ఎపిసోడ్ దగ్గర ఉన్నారో తెలిసే వీలు లేదు. స్పాయిలర్ల విషయంలో పాటించవలసిన మర్యాద గురించిన చర్చ అంతా ఈ తేడా నుంచే పుట్టింది.

టెలివిజన్ తొలి దశాబ్దాల్లో ఈ చర్చకు పెద్దగా అవసరం రాకపోవడానికి కారణం అందరూ ఒకే వేళకు ఒకే భాగం చూడటమే. అమెరికాలో సీబీఎస్ ప్రసారం చేసిన 'డల్లాస్' సీరియల్‌లో 1980 మార్చి 21న జె.ఆర్. యూయింగ్ అనే పాత్రపై ఎవరో కాల్పులు జరపడంతో ఆ సీజన్ ముగిసింది. నటుల సమ్మె వల్ల తరువాతి సీజన్ ఆలస్యమై, కాల్చినదెవరో నవంబరు 21న గాని తెలియలేదు. ఆ గుట్టు బయటికి పొక్కకుండా నిర్మాతలు ఒకే ఘట్టాన్ని పలువురు నటులతో విడివిడిగా చిత్రీకరించారు. ఆ రాత్రి సుమారు 8.3 కోట్ల మంది అమెరికన్లు టీవీల ముందు కూర్చున్నారు కాబట్టి, తెల్లవారిన తరువాత దాని గురించి ఎవరు ఎవరితో మాట్లాడినా తప్పు పట్టవలసిన పని లేకపోయింది.

ఆ ఉమ్మడి గడియారం ఓటీటీలతో చెదిరిపోయింది. 2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ 'హౌస్ ఆఫ్ కార్డ్స్' తొలి సీజన్‌లోని 13 ఎపిసోడ్లనూ ఒక్కసారే విడుదల చేయడంతో, ఒకే సిరీస్‌ను ఒకరు ఒక్క రాత్రిలో, మరొకరు నెల రోజుల్లో పూర్తి చేసే పరిస్థితి ఏర్పడింది. మరుసటి ఏడాది రెండో సీజన్ విడుదలకు ముందు రోజు అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా సైతం దయచేసి స్పాయిలర్లు వద్దని ట్విటర్‌లో కోరవలసి వచ్చింది. సిరీస్ అందరిదీ ఒకటే అయినా చూసే వేళ ఎవరిది వారిదైంది.

ముందే తెలిసినవారు ఎలా నడుచుకోవచ్చో చూపిన ఉదాహరణల్లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' పాఠకుల ఉదాహరణ అన్నింటికన్నా గొప్పది. హెచ్‌బీఓ 2011 నుంచి 2019 వరకు ప్రసారం చేసిన ఈ సిరీస్‌కు ఆధారం జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ నవలలు. వాటిలో 2000లో వెలువడిన 'ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్' అనే నవలలో ఒక వివాహ విందు ఘట్టం ఉంది. ఆ విందులో ఏం జరుగుతుందో ఇంకా చూడనివారి కోసం ఇక్కడ చెప్పడం లేదు. ఆ ఘట్టం తెర మీదికి వచ్చింది 2013 జూన్ 2న. అప్పటికి పదమూడేళ్లుగా నవల అంగళ్లలో దొరుకుతూనే ఉన్నా, దాన్ని చదివిన ఎంతోమంది తమ ఇంట్లోవారికీ స్నేహితులకూ ఒక్క మాట చెప్పకుండా దాచి ఉంచి, ఆ రాత్రి వారి పక్కన కూర్చుని వారి ముఖాల్లో మారే భావాలను వీడియో తీశారు. కథ తెలియడం వల్ల తమకు వచ్చిన ఆధిక్యాన్ని వారు ప్రదర్శించుకోలేదు, ఎదుటివారి ఆశ్చర్యాన్నే తమ ఆనందంగా చేసుకున్నారు. 2016లో ఆరో సీజన్ నాటికి సిరీస్ నవలలను దాటి ముందుకు వెళ్లడంతో పాఠకులకు కూడా తరువాతి కథ తెలియకుండా పోయింది, అంతవరకు గుట్టు కాపాడినవారే ఇతరుల సంయమనం మీద ఆధారపడవలసి వచ్చింది. అమెరికాలో ఆదివారం రాత్రి 9 గంటలకు వచ్చే ఎపిసోడ్ భారతదేశంలో సోమవారం ఉదయం 6.30కు హాట్‌స్టార్‌లో అదే సమయానికి అందుబాటులోకి వచ్చేది. ఆఫీసుకు వెళ్లేముందు చూడలేనివారు సాయంత్రం దాకా ఫోన్ తెరవడానికే జంకవలసి వచ్చేది.

ఇదే సిరీస్‌లోని ఒక ఎపిసోడ్ 2017 ఆగస్టులో ప్రసారానికి ముందే ఇంటర్నెట్‌లోకి వచ్చిన కేసులో మహారాష్ట్ర పోలీసులు నలుగురిని అరెస్టు చేశారు. అటువంటి లీకులు చట్టం చూసుకోవలసిన నేరాలు. ఇక్కడ చర్చిస్తున్నది ఏ చట్టమూ అడ్డుకోని, చూసినవారి మంచితనానికే వదిలేసిన ప్రవర్తన.

సాంకేతికంగా గుట్టును కప్పి ఉంచే మార్గాలు ఇంటర్నెట్ తొలినాళ్ల నుంచీ ఉన్నాయి. 1980లలో యూజ్‌నెట్ అనే చర్చా వ్యవస్థలో రాట్13 అనే పద్ధతి వాడేవారు. ఇంగ్లిష్ వర్ణమాలలోని ప్రతి అక్షరాన్నీ పదమూడు స్థానాలు జరిపి రాస్తే ఆ వాక్యం అర్థం కాకుండా పోతుంది, 26 అక్షరాలే ఉన్నాయి కనుక మరో పదమూడు జరిపితే మళ్లీ అసలు రూపానికి వస్తుంది. దాన్ని చదవాలంటే పాఠకుడు తనంతట తాను ఒక అడుగు వేయాలి, ఆ పద్ధతిలోని మర్యాద అంతా అందులోనే ఉంది. ఇప్పటి రెడిట్, డిస్కార్డ్, టెలిగ్రామ్‌లలో తాకితే గాని కనిపించకుండా వాక్యాన్ని కప్పి ఉంచే సదుపాయం దానికి వారసురాలే. అయితే హెచ్చరిక పెట్టేటప్పుడు ఏ సిరీస్, ఏ సీజన్, ఎన్నో ఎపిసోడ్ అన్నది కూడా చెప్పకపోతే ఆ హెచ్చరిక వల్ల ప్రయోజనం లేదు. అన్నింటికన్నా పెద్ద అపరాధం శీర్షికలోను, యూట్యూబ్ వీడియో మీద కనిపించే థంబ్‌నెయిల్ బొమ్మలోను గుట్టు విప్పడం. వ్యాసం లోపల రాసినది చదవాలా వద్దా అని పాఠకుడు నిర్ణయించుకోగలడు గాని, కళ్లబడిన శీర్షికను చదవకుండా ఉండలేడు.

తెలుగువారికి ఈ సమస్య అత్యంత పరిచితమైన రూపం 2017లో స్టార్ మాలో మొదలైన బిగ్ బాస్ తెలుగు. వారాంతపు ఎపిసోడ్లను ప్రసారానికి ముందే చిత్రీకరించడం వల్ల, ఆ వారం ఇల్లు వదిలి వెళ్లేదెవరో ఆదివారం రాత్రికి ముందే యూట్యూబ్ ఛానళ్లలో, ఎక్స్‌లో పేరుతో సహా వచ్చేస్తుంది. ఓట్లు వేసి, వారమంతా ఎదురుచూసిన ప్రేక్షకులకు మిగలవలసిన ఆ కాస్త ఉత్కంఠను కొన్ని వేల వ్యూస్ కోసం లాగేసుకోవడం సమర్థనీయం కాదు. ఫలితం ప్రసారమైన తరువాత అది వార్త అవుతుంది, దాన్ని ప్రకటించవద్దని ఎవరూ అడగలేరు.

కథ ముందే తెలిస్తే వచ్చే నష్టమేమిటనే వాదన కూడా ఉంది, అది తేలిగ్గా తోసిపుచ్చదగినది కాదు. 'మాయాబజార్'ను సురభి నాటకంగా చూసినా, 1957 నాటి సినిమాగా చూసినా, శశిరేఖను చివరికి ఎవరు పెళ్లాడతారో ప్రేక్షకులకు ముందే తెలుసు. 1987లో దూరదర్శన్ 'రామాయణ్' మొదలుపెట్టినప్పుడు కథ తెలియక టీవీ ముందు కూర్చున్నవారు బహు తక్కువ. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌డియాగోకు చెందిన జోనథన్ లెవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ పన్నెండు చిన్న కథలతో చేసిన ప్రయోగంలో, ముగింపు ముందే తెలిసిన పాఠకులే కథలను ఎక్కువగా మెచ్చుకున్నట్టు తేలింది. 2015లో బెంజమిన్ జాన్సన్, జుడిత్ రోసెన్‌బామ్ ప్రచురించిన అధ్యయనంలో ఫలితం ఇందుకు విరుద్ధంగా వచ్చింది. ఏది సరైనదైనా, కొద్ది నిమిషాల్లో చదివి ముగించే కథకూ, పాత్రలతో ఏళ్ల తరబడి సాగే సిరీస్‌కూ పోలిక చాలదు. పైగా పురాణ కథను తెలిసి చూడటం ప్రేక్షకుడు కోరి ఎంచుకున్నది, స్పాయిలర్ మరొకరు అడగకుండా నెత్తిన పెట్టినది. కథ తెలిసి చూసే ఆనందం రెండోసారి చూసినప్పుడు ఎవరికైనా దొరుకుతుంది, తెలియక చూసే ఆనందం మాత్రం ఒక్కసారే దొరుకుతుంది. అందువల్ల మౌనంగా ఉన్నవారి వల్ల ఎవరికీ నష్టం లేదు, చెప్పేసినవారి వల్ల కలిగిన నష్టాన్ని పూడ్చే మార్గం లేదు.

ఎన్నాళ్లు ఆగాలన్నదానికి అందరూ ఒప్పుకున్న గడువు ఏదీ లేదు. ఏళ్లు గడిచిన సిరీస్ గురించి లోకమంతా మౌనం పాటించాలని కోరడం న్యాయం కాదు కనుక, ఆలస్యంగా చూసేవారు ఎక్స్‌లో ఆ సిరీస్ పేరును మ్యూట్ చేసుకోవడం వంటి జాగ్రత్త తామే తీసుకోవాలి. కొత్త ఎపిసోడ్‌ను ముందుగా చూసినవారు మాత్రం దాని ముగింపును వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేముందు, తమ ఫోన్‌లోని పరిచయస్థుల్లో ఇంకా చూడనివారు తప్పక ఉంటారని తలచుకుని ఆగాలి, చర్చించాలనిపిస్తే చూసినవారిని వెతుక్కుని వారితోనే చర్చించాలి.