సైకిలు సీటు పుండు: ఆగవలసిన చోట ఆగుదాం

వానలు తగ్గి దారులు ఆరగానే, వసారాలో గోడకు ఆనించిన సైకిలు మళ్ళీ బయటికి వస్తుంది. గొలుసుకు నూనె పోస్తాం, చక్రాలకు గాలి కొట్టిస్తాం. మన బీదరు జిల్లా ధన్నూర వంటి ఊళ్ళలో పొలానికి, బడికి, సంతకు సైకిలు అక్కరకు వస్తుంది. 2006-07లో కర్ణాటక ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. అలా వచ్చిన సైకిలు మీ ఇంట్లోనూ ఒకటి ఉండవచ్చు. చక్కెర వ్యాధికి వ్యాయామం కావాలని డాక్టరు గారు చెబితే, దాన్నే దులిపి మళ్ళీ తొక్కుదామని మీరు అనుకుంటూ ఉండవచ్చు.

సైకిలును సిద్ధం చేస్తాం గాని, చర్మాన్ని సిద్ధం చేయం. నాలుగో రోజుకు కూర్చునే చోట మంట, ఆ పైన పుండు. చోటు అలాంటిది కనుక ఇంట్లో కూడా చెప్పుకోం. ఈ రోజు ఆ సంగతి మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం.

ఈ పుండు ఎందుకు వస్తుంది? కుర్చీలో కూర్చుంటే బరువు తొడల మీద కూడా పరుచుకుంటుంది. సైకిలు మీద చాలా బరువు పిరుదుల కింది రెండు ఎముకల మీదే పడుతుంది. తొక్కిన ప్రతిసారీ తొడ సీటు అంచుకు రాసుకుంటుంది. చెమటకు తడిసిన చర్మం మెత్తబడి తొందరగా ఒరుసుకుపోతుంది. ఒత్తిడి, రాపిడి, తడి, ఈ మూడూ కలిసి చేసే పని ఇది. రోజూ తొక్కేవారి ఒంటికి అలవాటు ఉంటుంది. నెలల తరబడి మానేస్తే ఆ అలవాటు పోతుంది.

మొదట చర్మం ఎర్రబడి మండుతుంది. లెక్కచేయకపోతే వెంట్రుక కుదుళ్ళలో చీము పట్టి చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. అప్పటికీ ఆగకపోతే లోతైన సెగ్గడ్డ అవుతుంది. మొదటి దశలో రెండు మూడు రోజుల విశ్రాంతి సాధారణంగా చాలు. మూడో దశలో డాక్టరు కోసి చీము తీయవలసి రావచ్చు.

కాబట్టి మంట మొదలైన రోజే సైకిలు దిగండి. సబ్బు నీళ్ళతో మెల్లగా కడిగి, రుద్దకుండా మెత్తని బట్టతో అద్ది ఆరనివ్వండి. వదులైన నూలు బట్టలు కట్టుకోండి. ఒరుసుకున్న చోట వాసెలిన్ గాని, జింక్ ఆక్సైడ్ మలాము గాని పలుచగా రాయవచ్చు. పొక్కు లేస్తే గోరువెచ్చని నీటిలో ముంచిన శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు కాపడం పెట్టండి. గిల్లకండి, నొక్కకండి. పొగాకు, కిరోసిన్, సున్నం వంటివి పూయకండి. డాక్టరు రాయకుండా స్టిరాయిడ్ కలిసిన మలాములు వాడకండి. గుండ్రంగా అంచుకట్టి దురదపెడితే అది తామర కావచ్చు, దానికి వైద్యం వేరు.

ఓర్చుకుని తొక్కడం మగతనం అనుకునేవారికి ఒక మాట. 1987లో స్పెయిన్ దేశమంతా తిరిగే వుయెల్టా సైకిలు పందెంలో ఐర్లండు దేశస్థుడు షాన్ కెల్లీ అందరికంటే ముందున్నాడు. పందెం ముగియడానికి కొద్ది రోజులే ఉండగా, ఈ పుండు వల్లనే తప్పుకోవలసి వచ్చింది. మరుసటి ఏడు, 1988లో, అదే పందెం గెలిచాడు. అంతటివాడే ఆగినప్పుడు సంతకు వెళ్ళే మనం ఆగితే చిన్నతనం ఏముంది?

ఇక రాకుండా చూసుకోవడం. సీటు మీద కూర్చుని, కింద ఉన్న పెడల్ మీద మడమ పెడితే కాలు సరిగ్గా చాచుకోవాలి. సీటు అంతకంటే ఎత్తుగా ఉంటే నడుము అటూ ఇటూ ఊగి చర్మం రాసుకుంటుంది. సీటు మట్టంగా ఉండాలి, వదులైన బోల్టు బిగించాలి. రెక్సిన్ చినిగితే మార్పించండి. పైన మడతలు పడే గుడ్డ చుట్టకండి. కాళ్ళ సందులో మందమైన కుట్టు ఉన్న జీన్సు ప్యాంటు వద్దు. మొదటి వారం రోజు విడిచి రోజు, నాలుగైదు కిలోమీటర్లు చాలు. పది నిమిషాలకోసారి, గతుకులు వచ్చినప్పుడూ, పెడళ్ళ మీద నిలబడి సీటు నుంచి ఒళ్ళు లేపండి. ఇంటికి రాగానే చెమట బట్టలు మార్చండి.

జ్వరం వచ్చినా, ఎరుపు పాకుతున్నా, గడ్డ పెరుగుతున్నా, రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా డాక్టరుకు చూపించండి. చక్కెర వ్యాధి ఉన్నవారు పొక్కు కనబడగానే వెళ్ళండి. వారికి పుండు మానడం ఆలస్యం, చీము త్వరగా ముదురుతుంది. ఆరోగ్యం కోసం ఎక్కిన సైకిలు ఆసుపత్రి మంచం ఎక్కించకూడదు కదా!

ఆడవారైనా మగవారైనా ఈ బాధలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మూడు రోజులు ఆగినవారు నాలుగో రోజు మళ్ళీ తొక్కవచ్చు. దాచిపెట్టుకున్నవారు నెలల తరబడి ఆగవలసి రావచ్చు.