బాటసారులు గీసిన పటం

2010 డిసెంబరులో ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఆతిథ్యం ఖతార్‌కు లభించింది. 2022లో పోటీలు ముగిసే నాటికి దోహా రహదారుల రూపురేఖలే మారిపోయాయి. ఎన్నో రౌండెబౌట్లు సిగ్నల్ కూడళ్ళయ్యాయి. కొత్త వంతెనలూ, సొరంగ మార్గాలూ వెలిశాయి. ఇంత వేగంగా మారే నగరంలో అచ్చువేసిన పటం త్వరలోనే పాతబడుతుంది. మరి మన చేతిలోని ఫోనుకు కొత్త దారి ఎలా తెలుస్తున్నది?

ఉపగ్రహం చూసి చెబుతున్నదని చాలామంది భావిస్తారు. అది సగం సత్యమే. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జి.పి.ఎస్. ఉపగ్రహాలు కాలసూచక సంకేతాలను ప్రసారం చేస్తాయి. కనీసం 4 ఉపగ్రహాల సంకేతాలు అందితే ఫోను తన స్థానాన్ని తానే లెక్కకట్టుకుంటుంది. ఆ ఉపగ్రహాలు రోడ్డునూ చూడవు, రద్దీనీ ఎరుగవు.

రోడ్డు సంగతి చెప్పేది దానిపై సాగే వాహనాలే. కదిలే ప్రతి ఫోనూ స్థానం, దిశ, వేగం, సమయం నమోదు చేయగలదు. ఒక్క అణువు చలనాన్ని బట్టి వాయువు ఉష్ణోగ్రతను చెప్పలేము. అసంఖ్యాకమైన అణువుల సగటు చలనశక్తిని బట్టి చెప్పగలము. ఇదీ అంతే. ఒక కారు ఆగితే యజమాని కరక్ చాయ్ కోసం దిగి ఉండవచ్చు. యాభై కార్లు ఒకేచోట నెమ్మదిస్తే అది రద్దీ.

ఈ సూత్రాన్ని ఖతార్ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఇక్కడి రోడ్లకే అన్వయించారు. 2017లో వారు వెలువరించిన పద్ధతి పేరు ‘ఖరీతా’. అరబ్బీలో పటమని అర్థం. వాహనాలు వదిలిన స్థాన బిందువులను, దగ్గరగా ఉండి ఒకే దిశలో సాగేవాటిని, గుంపులుగా చేర్చి, ఆ గుంపులను కలుపుతూ రోడ్డును గీస్తుంది. దిశను కూడా లెక్కలోకి తీసుకున్నందున పక్కపక్కనే ఉన్న రాకపోకల దారులు కలిసిపోవు. అదే సంస్థ 2021లో ‘కార్తా’ అనే వ్యవస్థను వివరించింది. వాహనం ఏది, వారంలో ఏ రోజు, ఏ వేళ అన్నదాన్ని బట్టి ప్రయాణ కాలపు అంచనాను అది సరిదిద్దుతుంది. అప్పటికే ఖతార్ టాక్సీలన్నింటిలోనూ, ఒక పెద్ద ఆహార సరఫరా సంస్థలోనూ దానిని వాడుతున్నట్లు ఆ పత్రం తెలిపింది.

అంటే ఈ పటాన్ని గీస్తున్నవారు బాటసారులే. కరీంనగర్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చి గల్ఫ్ దేశాలలో బండి నడిపే మన సోదరుల శ్రమ కూడా ఇటువంటి పటాలలో అదృశ్యంగా ఇమిడి ఉంటుంది.

అయితే అణువుకు రహస్యాలు లేవు, మనిషికి ఉన్నాయి. 15 లక్షల మంది మొబైల్ ఫోన్ల 15 నెలల సమాచారాన్ని పరిశీలించి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పేర్లు తొలగించినా, ఏ వేళ ఎక్కడ ఉన్నారో తెలిపే 4 బిందువులు చాలు, 95 శాతం మంది జాడ మిగతావారి నుంచి విడిపోతుందని తేలింది. రాత్రి ఆగే చోటు ఇల్లు, పగలు ఆగే చోటు కార్యాలయం లేదా బడి అని ఊహించడం కష్టం కాదు. ఫోన్ల ద్వారా రద్దీని కొలిచే పద్ధతిని వివరిస్తూ గూగుల్ సంస్థ 2009లో ప్రయాణపు మొదటి, చివరి బిందువులను చెరిపివేస్తామని చెప్పడానికి కారణం ఇదే.

ఖతార్ ప్రభుత్వం 2016లో చేసిన 13వ నంబరు చట్టం, ఇచ్చిన సమ్మతిని ఉపసంహరించుకునే హక్కునూ, సమాచారాన్ని తొలగించమని కోరే హక్కునూ వ్యక్తికి ఇచ్చింది. హక్కు ఉన్నదని తెలిసినవారికే అది ఉపయోగపడుతుంది. దారి చూపే యాప్‌కు స్థానం తెలియక తప్పదు. ఆటల యాప్‌కు ఆ అవసరం సాధారణంగా ఉండదు. కనుక ఇంట్లో, ముఖ్యంగా పిల్లల ఫోన్లలో, ఏ యాప్‌కు స్థానం తెలుసుకునే అనుమతి ఉన్నదో ఒక్కసారి చూడండి. అవసరమైన వాటికి ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్న అనుమతి చాలు. పదిమందికీ దారి చూపే పటానికి మన వంతు ఇవ్వడం మంచిదే. ఎంత ఇవ్వాలో నిర్ణయించవలసినది మాత్రం మనమే.