ఒంటరిగా కోర్టు మెట్లెక్కిన బందగీ

జుమా నమాజు ముగిశాక మసీదు గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ మనం మాట్లాడుకునే మాటల్లో పాలస్తీనా ఉంటుంది, రోహింగ్యాల గోస ఉంటుంది. ఐక్యరాజ్యసమితి ఏం చేస్తోంది, అంతర్జాతీయ న్యాయస్థానం ఉన్నదెందుకు అని అడుగుతాం. అడగవలసిన మాటే. అయితే అదే గుమ్మం దగ్గర, భూమి తగాదాలోనో పోలీసు కేసులోనో చిక్కుకున్న మనిషి ఒకడు దిగాలుగా నిలబడి ఉంటే అతని దగ్గరికి ఎందరం వెళుతున్నాం? 'కోర్టు వ్యవహారం, మనకెందుకు?' అని తప్పుకునేవారమే ఎక్కువ. ఈ వారం ఆ ప్రశ్ననే మన ముందు పెట్టుకుందాం.

2016లో జనగామ జిల్లా ఏర్పడినప్పుడు తరిగొప్పుల మండల కేంద్రమైంది. ఇక్కడివారికి కోర్టు పని పడితే నర్మెట మీదుగా జనగామ వెళతారు. జనగామ నుంచి సూర్యాపేట దారి పట్టి పోతే దేవరుప్పుల మండలంలో కామారెడ్డిగూడెం వస్తుంది. అక్కడొక సమాధి ఉంది. అది షేక్ బందగీది. ఆయన పీరూ కాదు, నవాబూ కాదు. తన భూమి తనకు కావాలని కోర్టుకెళ్లిన ఒక పేద రైతు.

గెలిచిన వాడి చావు

అది నిజాం పాలన. జనగామ తాలూకా ఆనాడు నల్గొండ జిల్లాలో ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి మాటే ఆ చుట్టుపక్కల ఊళ్లకు శాసనం. ఆయన కింద 40,000 ఎకరాల భూమి ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్రలో రాశారు. వెట్టికి ఎదురు చెప్పిన వాడు ఊళ్లో బతకలేని రోజులవి.

బందగీ భూమి తగాదా తన వాళ్లతోనే మొదలైంది. దేశ్‌ముఖ్ అవతలి పక్షం వహించాడు. బందగీ కర్ర పట్టలేదు, కత్తి పట్టలేదు. వకీలును పట్టుకున్నాడు. పేషీ తరువాత పేషీకి సంవత్సరాల తరబడి తిరిగాడు. చివరకు ఫైసలా ఆయన పక్షానే వచ్చింది. ఆ గెలుపే ఆయన ప్రాణం తీసింది. 1941లో దారి కాచి ఆయనను నరికి చంపారు.

అయిదేళ్లకు, 1946 జులై 4న, అదే దేశ్‌ముఖ్ ఇలాకాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగాడు. తెలంగాణ సాయుధ పోరాటం అంటుకుంది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 'మా భూమి' నాటకం రాసినప్పుడు బందగీ కథనే అందులోకి తీసుకున్నారు. ఒక ముస్లిం రైతు పేరు తెలుగునాట ఊరూరా వినిపించింది.

ఇక్కడ మనం ఒక సంగతి గమనించాలి. బందగీకి కోర్టు ఉంది, చట్టం ఉంది, తీర్పు కూడా ఉంది. లేనిదల్లా ఆ తీర్పు పట్టుకుని ఇంటికి వచ్చే దారిలో ఆయన పక్కన నడిచే పది మంది.

పాత ఒప్పందం, కొత్త ప్రకటన

పక్కన నడవడం అనేది మనకు కొత్త విషయం కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ప్రవక్తగా నియమితులు కాకముందు, యవ్వనంలో ఉన్నప్పటి సంఘటన చూడండి. యెమెన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడి దగ్గర మక్కా పెద్దమనిషి ఒకడు సరుకు తీసుకుని డబ్బు ఎగవేశాడు. పరదేశికి మక్కాలో తెగ లేదు, బలగం లేదు. అప్పుడు కొందరు అబ్దుల్లా ఇబ్నె జుద్‌ఆన్ ఇంట సమావేశమై, మజ్లూము ఎవరైనా సరే అతని హక్కు అతనికి దక్కే వరకు అందరం ఒక్కటిగా నిలబడతామని ఒప్పందం చేసుకున్నారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. ఆ సమావేశంలో ప్రవక్త (సఅసం) కూడా ఉన్నారు. బాధితుడు ఏ ఊరివాడు, ఏ తెగవాడు అని అక్కడ అడగలేదు.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత ప్రపంచ దేశాలు ఇటువంటి మాటనే కాగితం మీద పెట్టాయి. 1948 డిసెంబరు 10న పారిస్‌లో విశ్వమానవ హక్కుల ప్రకటనను ఆమోదించాయి. హక్కుకు భంగం కలిగిన ప్రతి వ్యక్తీ న్యాయస్థానంలో పరిహారం పొందవచ్చునని అందులోని 8వ అధికరణం చెబుతుంది. 1998 డిసెంబరు 9న మరో ప్రకటన వచ్చింది. ఇతరుల హక్కుల కోసం పనిచేసే వారికీ రక్షణ ఉండాలన్నది దాని సారాంశం.

ఆ రక్షణ ఎంత అవసరమో మన రాష్ట్రానికి తెలిసినంతగా ఎందరికి తెలుసు? పౌరహక్కుల సంఘం నాయకుడు, పిల్లల వైద్యుడు డాక్టర్ రామనాథంను 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో కాల్చి చంపారు. 1991లో అదే వరంగల్‌లో వకీలు నర్రా ప్రభాకరరెడ్డి, 2000 నవంబరులో హైదరాబాదులో పురుషోత్తం, 2001 ఫిబ్రవరిలో నల్గొండలో ఆజం అలీ హత్యకు గురయ్యారు. అందరూ ఇతరుల హక్కుల కోసం మాట్లాడినవారే. వారిలో హిందువులున్నారు, ముస్లిం ఉన్నాడు. చంపినవారు మతం చూడలేదు, నోరు చూశారు.

హేగ్ నగరంలోనూ ఇదే చిక్కు

అంతర్జాతీయ న్యాయానికీ సాక్షే ఆధారం. 1998 జులై 17న రోమ్‌లో కుదిరిన ఒడంబడికతో హేగ్‌లో అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఏర్పడింది. 2002 జులై 1 నుంచి ఆ ఒడంబడిక అమలులోకి వచ్చింది. భారతదేశం అందులో చేరలేదు. కెన్యా అధ్యక్షుడు ఉహురు కెన్యాట్టాపై అక్కడ పెట్టిన అభియోగాలను 2014 డిసెంబరులో ప్రాసిక్యూటరు ఉపసంహరించుకోవలసి వచ్చింది. సాక్షులను బెదిరించారని, కొందరిని లోబరుచుకున్నారని ప్రాసిక్యూటరు ఆరోపించారు. అంత పెద్ద కోర్టయినా సాక్షి నోరు మూతపడితే చేయగలిగింది లేదు.

మరో ఉదాహరణ ఆశ కలిగిస్తుంది. రోహింగ్యాల తరఫున 2019 నవంబరులో అంతర్జాతీయ న్యాయస్థానం తలుపు తట్టింది ఏ అగ్రరాజ్యమూ కాదు. ఆఫ్రికాలోని చిన్న దేశం గాంబియా. 2020 జనవరి 23న కోర్టు మయన్మార్‌కు తాత్కాలిక ఆదేశాలు ఇచ్చింది. రోహింగ్యాలను కాపాడమన్నది, సాక్ష్యాధారాలను చెరిపివేయవద్దన్నది. తనకు జరగని అన్యాయానికి కూడా ఒకరు ఫిర్యాదు చేయవచ్చునని గాంబియా చూపింది. ఆ రోహింగ్యా కుటుంబాలు కొన్ని మన హైదరాబాదులోని బాలాపూర్ ప్రాంతంలోనే తలదాచుకున్నాయి.

మన చేతిలో ఉన్నది

బందగీ కాలంలో లేనివి కొన్ని నేడు ఉన్నాయి. 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది. తీవ్రమైన నేరాల కేసుల్లో సాక్షికి బెదిరింపులు వస్తే, జిల్లా జడ్జి అధ్యక్షతన గల కమిటీకి దరఖాస్తు పెట్టవచ్చు. పోలీసు అధికారి నివేదిక తీసుకుని కమిటీ రక్షణకు ఆదేశిస్తుంది. అయితే ఇది మామూలు సివిలు దావాలకు వర్తించదు. అక్కడ బెదిరింపు వచ్చిన రోజునే, తేదీ వేసి, వేరుగా పోలీసు ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి.

స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగవచ్చు, 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. అధికారుల వల్ల హక్కులకు భంగం కలిగితే ఏడాదిలోగా జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు రాయవచ్చు. రుసుము లేదు. బాధితుడి తరఫున మరొకరైనా రాయవచ్చు.

ఇవన్నీ కాగితాలు. కాగితానికి మనిషి తోడు కావాలి. పేషీ రోజున పక్కింటి వితంతువుతో కలిసి ఒకరు బస్సెక్కవచ్చు. చదువుకున్న మన అమ్మాయి ఫిర్యాదు రాసిపెట్టవచ్చు. చూసింది చూసినట్టు గవాహీ చెప్పడానికి ఇద్దరు ముందుకు రావచ్చు, అన్యాయం చేసినవాడు మన బంధువైనా సరే. అక్కడే మన పరీక్ష. బందగీ తగాదా కూడా సొంత వాళ్లతోనే మొదలైందని మరువరాదు.

వచ్చే జుమా నాడు గాజా కోసం చేతులెత్తి దుఆ చేద్దాం. ఆ చేతులు దించిన తరువాత, గుమ్మం దగ్గర ఒంటరిగా నిలబడిన మనిషిని 'నీ పేషీ ఎప్పుడు భాయ్?' అని అడుగుదాం.